ఔషధము దేహములో నెంతదూరము పోవును?

కాలిలో పుండు పుట్టినను మాత్రను నోటనే వేసికొందుము. చెవిలో చీము పట్టినను నోటనే వేసికొందుము. ఊపిరితిత్తులలో రోగము ప్రవేశించినను నోటనే వేసికొందుము. నోట బడిన మాత్రకు కాలిలోని పుండు ఎక్కడ నున్నదో యెట్లు తెలియునని ఏ బాలుడైనను అడిగినచో, అది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు. దానికి తెలియదనుటయే సమాధానము. మందు రక్తముతో గూడి దేహమంతటను దిరుగును. ఆ తిరుగుటలో పుండు నొద్దకును బోవును. అయితే దేహములోని ప్రతి స్థలమునకును అది సమానముగా జేరదు. కొన్నిచోట్ల కది విస్తారముగా బోవును. కొన్నిచోట్ల కది చాల స్వల్పముగా బోవును. మరికొన్నిచోట్ల బొత్తుగా ప్రవేశింపజాలదు. ఈ భేదమును జంతువులమీది పరిశోధనలవలన శాస్త్రజ్ఞు లెట్లు కనుగొనిరో, దానివలన మన కుటుంబములకు గలిగిన మేలేమో, యీ సంచికలో వివరింప దలచితిమి.

సూక్ష్మజీవులను జంపు మందులకు యాంటిబయాటిక్కులని పేరు. వీని చరిత్రలో తెలుగువా డొకడు ముఖ్యస్థానమున నున్నాడని మన విద్యార్థులు తప్పక యెరుగవలెను. డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించి, మదరాసు వైద్యకళాశాలలో జదివి, అమెరికాకు బోయి, హార్వర్డు విశ్వవిద్యాలయమున జీవరసాయనశాస్త్రమునందు గొప్ప కృషి చేసిరి. 1940లో వారు లెడర్లీ పరిశోధనశాలలో ప్రవేశించి, పిదప అచ్చటి పరిశోధనల కధిపతులైరి. వారి యాజమాన్యమున నుండగనే, బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మిస్సోరి రాష్ట్రపు గడ్డినేల మట్టిలోని యొక సూక్ష్మజీవినుండి బంగారువన్నెగల యొక మందును దీసెను. అదియే ఆరియోమైసిన్. 1948లో అది లోకమునకు వెల్లడియయ్యెను. ఆ సంవత్సరము ఆగస్టు మాసముననే సుబ్బారావుగారు పరమపదించిరి. బోదకాలు వ్యాధిపై నేటికిని మన గ్రామములలో బంచిపెట్టు డైయిథైల్‌కార్బమజీన్ అను మందు కూడ వారి పరిశోధనశాలనుండియే వచ్చినది. ఆరియోమైసిన్ టెట్రాసైక్లిను కుటుంబములో మొదటిది. దాని సంగతి మరల ముందు రాగలదు.

ఇక అసలు విషయమునకు వత్తము. మన ఓరుగల్లు సీమలో పాకాల, రామప్ప చెరువుల పేరెరుగనివారు లేరు. చెరువు నిండినంతమాత్రమున చివరిమడి తడియునా? నీరు తూము దాటవలెను, పెద్దకాలువలో బారవలెను, పిల్లకాలువలలోనికి మరలవలెను, గట్టు గండినుండి మడిలోనికి దిగవలెను. నడుమ నొకచోట పూడిక యున్నను, గట్టు ఎత్తుగా నున్నను, చివరి ఆయకట్టు ఎండిపోవును. మన దేహములోని మందునకును ఇదే రీతి. మ్రింగిన మాత్ర ప్రేవులలో గరగి, కాలేయము దాటి, రక్తములో గలియును. రక్తము చెరువువంటిది. కేశనాళికలనబడు సన్నని నాళములు పిల్లకాలువలవంటివి. వాని గోడలందలి సందులగుండ మందు బయటికి వచ్చి, దేహకణముల నడుమనుండు నీటిలో గలిసినప్పుడు గాని సూక్ష్మజీవిని దాకజాలదు. రక్తమును దీసి పరీక్షించి మందు చాలినంత యున్నదని చెప్పుట చెరువు కట్టపై నిలిచి నీరు జూచుటవంటిది. చివరిమడి సంగతి తెలియవలెనన్న, ఆ మడికే పోయి చూడవలెను. మనుష్యుని మెదడునుండి గాని యెముకనుండి గాని తునక దీసి చూచుట సాధ్యము కాదు గనుక, ఈ పనికి చుంచెలుకలు, కుందేళ్ళు, గినీపిగ్గులు అవసరమైనవి.

1940 మే 25వ తేదీన ఆక్స్‌ఫర్డు నగరమున హోవర్డ్ ఫ్లోరీ యను వైద్యశాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఎనిమిది చుంచెలుకలకు ప్రాణాంతకమైన సూక్ష్మజీవులను ఎక్కించిరి. నాలుగింటికి పెనిసిలిన్ ఇచ్చిరి, నాలుగింటికి ఈయలేదు. తెల్లవారునప్పటికి మందు పొందని నాలుగును జచ్చెను, పొందిన నాలుగును బ్రదికియుండెను. మరుసటి సంవత్సరము, అనగా 1941 ఫిబ్రవరిలో, ఆల్బర్ట్ అలెగ్జాండర్ అను పోలీసు ఉద్యోగికి ఆ మందు నిచ్చిరి. ఆయన మొదట కోలుకొనెను. కాని పెనిసిలిన్ మూత్రపిండములగుండ అతివేగముగా బయటికి బోవును. మనుష్యుని రక్తములో అరగంటకొకమారు దాని పరిమాణము సగమునకు దిగును. ఉన్న మందు కొంచెమే గనుక, ఆయన మూత్రమునుండి దానిని మరల దీసి ఆయనకే యిచ్చిరి. అయినను చాలక, మార్చి 15న ఆయన మరణించెను. మంచి మందు దొరికినను, అది రోగస్థలమున చాలినంతకాలము నిలువనిచో ఫలము లేదని లోకము అప్పుడు నేర్చుకొనెను.

ఈ నిలుచుటను గూర్చి హ్యారీ ఈగిల్ అను శాస్త్రజ్ఞుడు జంతువులలో పరీక్షలు చేసి, 1950లో నొక ముఖ్యవిషయమును బ్రకటించెను. పెనిసిలినును ఒక్కసారిగా మితిమించి యిచ్చుటకన్న, సూక్ష్మజీవిని జంపుటకు చాలినంత మోతాదు ఎక్కువ గంటలు నిలుచునట్లు పలుమారు ఇచ్చుటయే మేలని తేలెను. జెంటమైసిన్ వంటి మందుల గుణము వేరు. వానికి కాలముకన్న ఒక్కసారి రక్తములో నెంత ఎత్తునకు చేరినదనునదే ప్రధానము. కనుకనే వైద్యుడు ఒక మాత్రను ఎనిమిది గంటల కొకమారనియు, మరియొక మందును దినమున కొక్కమారే యనియు వ్రాయును. అది ఆయన యిష్టానుసారము వ్రాసినది కాదు. ఉదయము మరచితిమని రాత్రి రెండు మాత్రలు ఒక్కసారి వేసికొనువారు ఈ సంగతిని బాగుగ దలపవలెను.

రక్తములో గలిసిన మందంతయు స్వేచ్ఛగా నుండదు. కొంత భాగము ఆల్బుమిన్ అను మాంసకృత్తును అంటిపెట్టుకొని యుండును. అట్లు అంటుకొన్నది కేశనాళిక గోడ దాటలేదు, సూక్ష్మజీవిని జంపలేదు. సెఫ్ట్రియాక్సోన్ అను సూదిమందులో నూటికి తొంబది పాళ్ళవరకు ఇట్లు బంధింపబడియే యుండును. విడిగానున్న కొద్దిభాగమే పని చేయును. బంధింపబడినది మెల్లగా విడివడుచుండుటచేత ఆ మందు చాలసేపు దేహమున నిలుచును.

దేహములోని కోటలన్నిటిలో గట్టి కోట మెదడు. 1885లో పాల్ ఎర్లిఖ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు జంతువుల రక్తములోనికి రంగులు ఎక్కించి చూచెను. అవయవములన్నియు రంగుపట్టెను గాని మెదడు మాత్రము తెల్లగానే యుండెను. 1913లో ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ ఒక రంగును మెదడు చుట్టునుండు నీటిలోనికి ఎక్కింపగా, మెదడు రంగుపట్టెను, తక్కిన దేహము పట్టలేదు. రక్తమునకును మెదడునకును నడుమ నొక గోడ గలదని యీ విధముగ దెలిసినది. మెదడులోని కేశనాళికల కణములు ఒకదాని నొకటి బిగియ బట్టుకొని సందు లేకుండ జేయుటయే ఆ గోడ. క్రొవ్వులో గరగు క్లోరాంఫెనికాల్ వంటి మందు దానిని సులభముగ దాటును. పెనిసిలిన్ ఆరోగ్యవంతుని మెదడులోనికి బహుస్వల్పముగా బోవును. కాని మెదడుపొరలు వాచినప్పుడు ఆ గోడ సడలి, పెనిసిలిన్ అధికముగా లోనికి దిగును. ఇది కుందేళ్ళలో మెదడుపొరల జ్వరమును గలిగించి, మెదడు చుట్టునున్న నీటిని గంటగంటకు దీసి పరీక్షించుటవలన బాగుగ స్థిరపడినది. ఇందులో నొక చిత్రము గలదు. రోగి కోలుకొనుకొలది వాపు తగ్గును. వాపు తగ్గుకొలది గోడ మరల బిగిసి, మందు లోనికి బోవుట తగ్గును. కాబట్టి బిడ్డ కన్నులు దెరచి మాటలాడుచున్నదని సూదిమందు మోతాదును తగ్గింపుమని కోరుట అపాయకరము. తుదివరకు నిండు మోతాదు ఈయవలసియుండును.

ఎముకలు, పండ్లు మరియొక విధమైన స్థలములు. ఆరియోమైసిన్ మొదలగు టెట్రాసైక్లిను మందులకు సున్నపుధాతువగు కాల్షియముతో మిగుల మైత్రి. 1957లో కొందరు పరిశోధకులు ఈ మందు ఇచ్చిన జంతువుల యెముకలను అతినీలకాంతిలో జూడగా, క్రొత్తగా బెరుగుచున్న యెముక పసుపువన్నెతో మెరసెను. మందు ఎచ్చటికి బోయినదో ఎముకయే సాక్ష్యమిచ్చినట్లయ్యెను. దీనివలన రెండు గృహధర్మములు మనకు సిద్ధించినవి. పండ్లు ఏర్పడుచున్న వయస్సులో, అనగా సుమారు ఎనిమిదేండ్ల లోపు పిల్లలకును గర్భిణులకును ఈ మందులను సాధారణముగా ఈయరు. ఇచ్చినచో బిడ్డల పండ్లు శాశ్వతముగా వన్నెమాయవచ్చును. ప్రాణాపాయమున వైద్యుడు వేరుగా నిర్ణయించిన నది ఆయన విచక్షణ. రెండవది, టెట్రాసైక్లినును పాలతో మ్రింగరాదు. పాలలోని కాల్షియము దానిని ప్రేవులలోనే పట్టుకొని రక్తములోనికి బోనీయదు. వేడిచేయునని తలచి మాత్రపై పాలు త్రాగించు తల్లి, ప్రేమతోనే మందు బలమును హరించుచున్నది.

సూక్ష్మజీవులలో కొన్ని మన కణముల లోపలికే దూరి దాగుకొనును. టైఫాయిడు క్రిమి, మన దేహమును గాపాడవలసిన భక్షకకణములలోనే కాపురముండును. జెంటమైసిన్ గాజుపాత్రలో ఆ క్రిమిని చక్కగా జంపును. అయినను టైఫాయిడు రోగికి ఇచ్చిన నయము కాదు. ఏలయనగా ఆ మందు కణపు పొరను దాటి లోనికి బోవుట మిక్కిలి అల్పము. అజిత్రోమైసిన్ కణములలోనికి జొచ్చి, రక్తములోకన్న ఎన్నోరెట్లు అధికముగా పేరుకొనును. కణములలో నివసించు క్రిములవలన గలుగు స్క్రబ్ టైఫస్ జ్వరమునకు టెట్రాసైక్లిను వంశములోని డాక్సీసైక్లిన్ పనిచేయుటయు ఇట్టి కారణముచేతనే. గాజుపాత్రలో గెలిచిన మందు దేహములో గెలుచునని నమ్మరాదు.

చీముగడ్డలోనికి మందు పోవుట దుర్లభము. దాని నడుమ రక్తనాళములు లేవు. ఉన్న ద్రవము పులుపుగుణము గలది. అట్టి పులుపులో జెంటమైసిన్ వంటి మందుల శక్తి సన్నగిల్లును. కాలువ లేని గుంటకు నీరెట్లు చేరును? కాబట్టి పెద్ద గడ్డలను వైద్యుడు కోసి చీమును వెడలింపుమనును. కత్తికి భయపడి మాత్రలతోనే కాలము గడపువారు, గడ్డను పెంచుకొనుటయే కాక, చావక మిగిలిన క్రిములకు ఆ మందును సహించు విద్య నేర్పుచున్నారు.

ఈ సంగతులన్నియు ఒక్కచోట గూడియున్న రోగము క్షయ. 1943లో ఆల్బర్ట్ షాట్జ్ అను యువకుడు వాక్స్‌మన్ పరిశోధనశాలలో స్ట్రెప్టోమైసినును గనుగొనెను. 1944లో ఫెల్డ్‌మన్, హిన్‌షా అనువారు మేయో వైద్యశాలలో క్షయ సోకిన గినీపిగ్గులకు దాని నిచ్చి, క్షయ మందుతో నయమగునని చూపిరి. కాని ఒక్క మందునే ఇచ్చినప్పుడు, కొన్ని నెలలలో క్రిములు దానిని లెక్కచేయకుండుట మనుష్యులలో గనబడెను. క్షయక్రిమి చుట్టు దేహము గోడకట్టి యొక గడ్డ నేర్పరచును. దాని నడుమ భాగము చచ్చి జున్నువలె మెత్తనై యుండును. ఆ జున్నులోనికి రక్తనాళములు పోవు. సాధారణ చుంచెలుకలలో ఇట్టి జున్నుగడ్డ ఏర్పడదు. కుందేళ్ళలోను గినీపిగ్గులలోను ఏర్పడును. మోక్సిఫ్లాక్సాసిన్ అను మందును జేర్చినచో చికిత్సను నాలుగు నెలలకు దగ్గింపవచ్చునని చుంచెలుకలలో ఆశ గలిగెను. కాని 2014లో బ్రకటితమైన పెద్ద పరీక్షలో, మనుష్యులలో ఆ కుదించిన చికిత్స ఆరునెలల చికిత్సకు సాటిరాలేదు. 2015లో, శస్త్రచికిత్సలో దీసిన రోగుల ఊపిరితిత్తుల తునకలలో ఏ మందు ఎచ్చట నున్నదో చిత్రముగా జూచు పద్ధతితో పరిశోధకులు పరీక్షించిరి. మోక్సిఫ్లాక్సాసిన్ గడ్డ చుట్టునున్న కణములలో నిండుగా నుండియు, నడుమ జున్నులోనికి సరిగా దిగలేదు. రిఫాంపిసిన్, పైరజినమైడు అను మందులు ఆ జున్నులోనికి బోయెను. చుంచెలుకల ఆశ మనుష్యులలో భగ్నమగుటకు గల కారణములలో నిది యొకటి యని తలపవచ్చును.

క్షయకు సాధారణముగా నాలుగు మందులతో మొదలుపెట్టి ఆరునెలలు ఎందుకు వాడవలెనో ఇప్పుడు తేటపడును. ఒక్కొక్క మందు ఒక్కొక్క మడిని తడుపును. రెండు నెలలలో దగ్గు పోయి, ఆకలి పుట్టి, మేను నిండును. అప్పుడు రోగి తనకు నయమైనదనుకొనును. కాని జున్నులో దాగిన క్రిములు ఇంకను సజీవములే. ఆ సమయమున మందు మానినవాడు తనకు మాత్రమే కాక, తన ప్రక్కన బండుకొను బిడ్డలకును కీడు దెచ్చును. 1956లో మదరాసున స్థాపింపబడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమువారు, ఇంటనుండి మందు వాడిన బీదరోగులును ఆరోగ్యధామములో వాడినవారితో సమానముగా నయమగుదురని 1959లో జూపి లోకమునకు మార్గదర్శకులైరి. మంచి భోజనము, విశ్రాంతి, చల్లనిగాలి మేలైనవే. కాని మందును విడువక వాడుటయే రక్షించునది.

మందు చేరుటను కొలుచు పద్ధతియు కాలక్రమమున మారినది. పూర్వము జంతువు మాంసమును నూరి, ఆ ముద్దలో మందెంత యున్నదని చూచెడివారు. నూరినప్పుడు రక్తము, కణములు, నడిమి నీరు అన్నియు గలిసిపోవుటచేత, మందు ఎచ్చట నుండెనో తెలియకుండెను. పిదప కుందేలు చర్మము క్రింద రంధ్రములుగల చిన్న బుఱ్ఱనుంచి, అందూరిన నీటిని దీసి పరీక్షించిరి. ఇప్పుడు వెండ్రుకవంటి సన్నని గొట్టమును కండలో నుంచి, జంతువును జంపకయే కణముల నడిమి నీటిని పరీక్షింపగలుగుచున్నారు. అయినను జంతువు మనుష్యుడు కాదు. చుంచెలుక దేహమునుండి మందు మనకన్న త్వరగా బోవును. పెనిసిలిన్ గినీపిగ్గులకు ప్రాణాంతకమని తరువాత దేలినది. 1940లో ఫ్లోరీ చుంచెలుకలకు బదులు గినీపిగ్గులను దీసికొనియుండినచో ఆ మహౌషధము మూలబడియుండెడిదేమో! నోరులేని ప్రాణులు మనకొరకు బాధ సహించుచున్నవి గనుక, వానిని నిష్కారణముగా హింసింపరాదని మన దేశమున 1960లో చట్టమేర్పడెను. సృష్టిలోని ప్రాణులకు మనము యజమానులము మాత్రమే కాము, కాపరులము కూడ.

పాడి, కోళ్ళు గల మన పల్లెలకు మరియొక విశేషము గలదు. లెడర్లీ పరిశోధనశాలలోనే స్టాక్‌స్టడ్, జ్యూక్స్ అనువారు ఆరియోమైసిన్ గలిసిన మేత తిన్న కోడిపిల్లలు త్వరగా బెరుగుననుటను 1950లో వెల్లడించిరి. దానితో అనేక దేశములలో రోగము లేని పశుపక్షులకు సైతము మందును మేతలో గలుపసాగిరి. కొద్దికొద్దిగా నిత్యము మందు తినుటచేత క్రిములు దానికి లొంగకుండ బోవుచున్నవని గ్రహించి, ఐరోపా సమాజము 2006లో ఈ వాడుకను నిషేధించెను. మన ప్రభుత్వము 2019లో కొలిస్టిన్ అను మందును ఆహారమునకై పెంచు ప్రాణులకు వాడరాదని శాసించెను. పొదుగువాపు వచ్చిన గేదెకు సూది వేసినప్పుడు మందు రక్తమునుండి పాలలోనికిని దిగును. కాబట్టి పశువైద్యుడు చెప్పినన్ని దినములు ఆ పాలను అమ్మరాదు, త్రాగరాదు.

2014 మార్చి 1వ తేదీనుండి అనేక యాంటిబయాటిక్కులను హెచ్-1 పట్టికలో జేర్చి, వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదనియు, అమ్మినదానిని పుస్తకములో వ్రాయవలెననియు నియమము చేసిరి. అంగడివాని నడిగి రెండు మాత్రలు కొనుటయు, ప్రక్కయింటివారికి మిగిలిన మాత్రలతో మన బిడ్డ జ్వరము మాన్పజూచుటయు ఈ నియమమునకే కాక బుద్ధికిని విరుద్ధము. ఆ మాత్ర మన బిడ్డ రోగమున్న స్థలమునకు జేరునదో కాదో మనకు దెలియదు. జలుబు, పడిసెము వంటివాని కారణభూతములైన వైరసులపై యాంటిబయాటిక్కు ఎంత జేరినను పనిచేయనే చేయదు.

విద్యార్థులారా! ఈ వ్యాసమును చదివి మూయక, ఇంటికి బోయి మీ తలిదండ్రులకును, చదువురాని తాత అవ్వలకును జదివి వినిపింపుడు. మీ యింటిలో ఎవరైన మందు వాడుచున్నచో, ఎన్నిగంటల కొకమారు, ఎన్ని దినములు, దేనితో వేసికొనవలెనో వైద్యుని చీటీ చూచి గోడపై వ్రాసి పెట్టుడు. మీలో కొందరు రేపు వైద్యులగుదురు, కొందరు దాదులగుదురు, మరికొందరు పరిశోధకులగుదురు. భీమవరమున బుట్టిన బాలు డొకడు లోకమునకు మందు నిచ్చినప్పుడు, మరిపెడ బాలబాలికలకు అది అసాధ్యమని ఎవరనగలరు? అంతవరకు, చేతికి వచ్చిన మందును చివరిమడివరకు బారనిచ్చుట మనలో ప్రతివానికిని సాధ్యమైన సేవ.